ట్యాంకు నిండితే పిలిచే కంప్యూటర్: రాస్‌బెర్రీ పైతో మొదటి ప్రాజెక్టు

రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు కొన్నవాళ్లను కదిపి చూడండి. "ఉందండీ, ఎక్కడో డ్రాయర్లో పడుంది" అనేవాళ్లే ఎక్కువ తగులుతారు. బోర్డు పాడైపోయి కాదు. ముందు బోర్డు కొనేసి, దీంతో ఏం చేద్దామా అని తర్వాత ఆలోచించడం వల్ల. యూట్యూబ్‌లో రోబోలు, మాట్లాడే అద్దాలు చూసి పెద్ద కిట్ తెప్పిస్తారు. రెండు ఆదివారాలు కుస్తీ పడతారు. మూడో ఆదివారం చుట్టాలొస్తారు, అంతే.

అందుకని ఇక్కడ వరస తిరగేద్దాం. ఇంట్లో రోజూ విసిగించే పని ఒకటి పట్టుకుని, దానికి ఎంత కావాలో అంతే కొందాం, అంతే నేర్చుకుందాం. ఆ పని ఏమిటంటే, డాబా మీద ట్యాంకు నిండగానే వంటింట్లో మోగే అలారం. మోటార్ వేసి మర్చిపోవడం, "మీ ట్యాంకు పొంగుతోందండీ" అని పక్కింటివాళ్లు కేకేస్తే గానీ లేవకపోవడం తెలియని ఇల్లు మన ఊళ్లలో అరుదు.

ఇలాంటి అలారం బజార్లో రెడీమేడ్‌గా, ఇంతకంటే చవగ్గానే దొరుకుతుంది కదా అంటే, దొరుకుతుంది. కానీ అది అలారంతోనే ఆగిపోతుంది. మనం చేసుకున్నది రేపు అమ్మ గొంతుతో పలుకుతుంది, ఎల్లుండి ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది. పైగా ఈ ఒక్క పనిలోనే, బయట జరిగేది కంప్యూటర్‌కు తెలియజేయడం, కంప్యూటర్ చేత బయట ఒక పని చేయించడం రెండూ వచ్చేస్తాయి. తొలి ప్రాజెక్టుల్లో నూటికి తొంభై ఈ రెండింటి కలయికే.

ఏ బోర్డు కొనాలి

రాస్‌బెర్రీ పై ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో పుట్టింది. కంప్యూటర్ సైన్సులో చేరడానికి వచ్చే పిల్లలు తగ్గిపోతున్నారని, వచ్చినవాళ్లకు కూడా ప్రోగ్రామింగ్ అలవాటు ఉండటం లేదని యూనివర్సిటీలో పనిచేస్తున్న ఎబెన్ అప్టన్, ఆయన తోటివాళ్లు అనుకున్నారు. పిల్లలు పాడుచేస్తారేమో అన్న భయం లేకుండా చేతికివ్వగల కంప్యూటర్ కావాలనుకున్నారు. 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్లకు తొలి బోర్డు వచ్చింది. అప్పటినుంచి చాలా మోడళ్లు వచ్చాయి. కొత్తగా కొనేవాళ్ల తికమకంతా అక్కడే మొదలవుతుంది.

మన పనికి జీరో 2 డబ్ల్యూ చాలు. 2021లో 15 డాలర్ల ధరతో వచ్చిన చిన్న బోర్డు ఇది. 512 ఎంబీ ర్యామ్, వైఫై, బ్లూటూత్ ఉంటాయి. ఇక్కడికొచ్చేసరికి పన్నులు, షిప్పింగ్ కలిసి రేటు పెరుగుతుంది. కంపెనీ వెబ్‌సైట్లో అధీకృత డీలర్ల జాబితా ఉంటుంది, వాళ్ల దగ్గర కొంటే ఎక్కువ పెట్టామన్న బాధ ఉండదు. కొనేటప్పుడు 40 పిన్నులూ ముందే అతికించి వచ్చేదే అడగండి. లేకపోతే ఆ నలభై చుక్కలూ మీరే సోల్డరింగ్ చేసుకోవాలి. మొదటి రోజే ఆ పని పెట్టుకోవద్దు.

ఇంట్లో ల్యాప్‌టాప్ గానీ డెస్క్‌టాప్ గానీ లేనివాళ్లు, పిల్లలకు మానిటర్ తగిలించి నేర్పించాలనుకునేవాళ్లు పై 4లో 2 జీబీ మోడల్ తీసుకోవచ్చు. 512 ఎంబీ ర్యామ్‌తో డెస్క్‌టాప్ నడపడం ఓపికకు పరీక్ష. పై 5 మంచి బోర్డే గానీ ఒక బజర్ మోగించడానికి అంత అక్కర్లేదు. పైగా దానికి 5 వోల్టులు, 5 ఆంపియర్ల ప్రత్యేక అడాప్టర్ కావాలి. 2025 చివర్లో ర్యామ్ చిప్పుల ధరలు పెరిగి పై 4, పై 5 మోడళ్లలో కొన్నింటి రేట్లు కూడా పెరిగాయి కాబట్టి, అవసరానికి మించి ర్యామ్ కొనడం ఇప్పుడు ఇంకా దండగ.

పికో అని ఇంకా చిన్న బోర్డు ఉంది, 2021లో 4 డాలర్లకు వచ్చింది. అలారం వరకే అయితే అదీ చాలు. దాంట్లో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండదు, కరెంటు ఇచ్చీ ఇవ్వగానే పని మొదలెడుతుంది. కానీ అది పూర్తి కంప్యూటర్ కాదు, చిన్న కంట్రోలర్. తెలుగులో మాట్లాడించడం, వికీపీడియా పెట్టుకోవడం లాంటి తర్వాతి పనులకు పనికిరాదు.

బోర్డు కాకుండా కావలసినవి ఇవి:

- 32 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు, పేరున్న కంపెనీది. నకిలీ కార్డులు చాలా తిరుగుతున్నాయి.
- 5 వోల్టులు, 2.5 ఆంపియర్ల మైక్రో యూఎస్‌బీ అడాప్టర్.
- బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా వైర్లు గుచ్చుకునే రంధ్రాల పలక) ఒకటి, జంపర్ వైర్లు కొన్ని. ఒక చివర రంధ్రం, రెండో చివర మొన ఉన్నవి తప్పక ఉండాలి.
- ఎల్‌ఈడీలు, 330 ఓమ్‌ల రెసిస్టర్లు, 1000 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, నొక్కుడు బటన్ ఒకటి.
- బీసీ 547 ట్రాన్సిస్టర్, 5 వోల్టుల యాక్టివ్ బజర్ (కరెంటు ఇస్తే చాలు, తనంతట తానే మోగేది).
- రెండు వైర్లతో వచ్చే ప్లాస్టిక్ ఫ్లోట్ స్విచ్.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే చివరి నాలుగు వరసల సరుకు చిల్లరగా దొరుకుతుంది. మిగతా ఊళ్లలో టీవీ రిపేర్ సామాన్లు అమ్మే షాపులో అడగండి. రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్లు వాళ్ల దగ్గర ఉంటాయి. మొత్తం ఖర్చులో సింహభాగం బోర్డుదీ అడాప్టర్‌దే.

అడాప్టర్ గురించి ఇంకో మాట. పాత ఫోన్ చార్జర్ ఉందిగా అని తగిలిస్తారు. బోర్డు ఆన్ అవుతుంది, కాసేపు బాగానే ఉంటుంది, తర్వాత ఊరికే రీస్టార్ట్ అవుతుంటుంది. చాలాసార్లు తప్పు చార్జర్‌ది కూడా కాదు, సన్నని కేబుల్‌ది. అందులోనే వోల్టేజీ పడిపోతుంది. పై 4 లాంటి మోడళ్లకు మానిటర్ తగిలిస్తే, వోల్టేజీ దాదాపు 4.63 కంటే తగ్గినప్పుడు తెర మూలన హెచ్చరిక కనిపిస్తుంది. అది కనబడితే ప్రోగ్రాములో తప్పులు వెతక్కుండా ముందు కేబుల్ మార్చండి.

కార్డు తయారు చేసుకోవడం

మీ కంప్యూటర్లో రాస్‌బెర్రీ పై ఇమేజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. కార్డును రీడర్లో పెట్టి ఇమేజర్ తెరిస్తే మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఏ బోర్డు, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ కార్డు. జీరోకు రాస్‌బెర్రీ పై ఓఎస్‌లో లైట్ వెర్షన్ ఎంచుకోండి. అందులో డెస్క్‌టాప్ ఉండదు. పై 4కైతే మామూలు వెర్షన్.

తర్వాత సెట్టింగులు అడుగుతుంది. చాలామంది తొందరపడి దాటేసేది ఇక్కడే. బోర్డుకు మానిటర్, కీబోర్డు లేకుండా పని జరగాలంటే ఇవన్నీ ఇప్పుడే నింపాలి. బోర్డుకొక పేరు ఇవ్వండి, "ట్యాంక్" అనే అనుకుందాం. యూజర్ పేరు, పాస్‌వర్డ్ మీరే పెట్టుకోవాలి. పాత పుస్తకాల్లో కనిపించే రెడీమేడ్ యూజర్ పేరును 2022లోనే తీసేశారు. టైమ్ జోన్ ఏసియా/కోల్‌కతా, వైఫై దేశం ఇండియా. ఎస్‌ఎస్‌హెచ్ ఆన్ చేయండి, మీ కంప్యూటర్ నుంచే బోర్డుకు కమాండ్లు ఇచ్చే దారి అది.

వైఫై పేరు ఇచ్చేటప్పుడు ఒకటి చూసుకోండి. జీరో 2 డబ్ల్యూకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే కనిపిస్తుంది. మీ రూటర్లో 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరుంటే, ఆ పేరు ఇచ్చి ఎంతసేపు కూర్చున్నా బోర్డు కనెక్ట్ కాదు. బోర్డు చచ్చిపోయిందని వెనక్కి పంపేవాళ్లూ ఉన్నారు.

రాయడం పూర్తయ్యాక కార్డు బోర్డులో పెట్టి, పవర్ అని రాసి ఉన్న సాకెట్‌కు అడాప్టర్ తగిలించండి. పక్కనే అలాంటిదే ఇంకో సాకెట్ ఉంటుంది, అది పెన్‌డ్రైవ్‌ల లాంటి వాటికి. మొదటిసారి లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కంగారు పడొద్దు. తర్వాత మీ కంప్యూటర్లో పవర్‌షెల్ గానీ టెర్మినల్ గానీ తెరిచి ఎస్‌ఎస్‌హెచ్ అని కొట్టి, ఖాళీ వదిలి, మీ యూజర్ పేరు, ఎట్ గుర్తు, బోర్డు పేరు, చుక్క, లోకల్ అని వరసగా టైప్ చేయండి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద చుక్కలు కూడా పడవు. కీబోర్డు పనిచేయడం లేదనుకోకండి, అది అంతే.

లోపలికి వెళ్లాక ముందు సుడో ఏపీటీ అప్‌డేట్ కొట్టండి. ఏపీటీ అంటే సాఫ్ట్‌వేర్లు తెచ్చి వేసే కమాండ్. తర్వాత ఏపీటీ ఇన్‌స్టాల్‌తోనే పైథాన్ 3కి సంబంధించిన జీపీఐఓ జీరో ప్యాకేజీ వేసుకోండి, బోర్డు పిన్నులను ప్రోగ్రాముతో ఆడించేది ఇదే. ముందే ఉంటే ఉందని చెబుతుంది, నష్టం లేదు. పాత వీడియోల్లో పిప్ అనే పైథాన్ సొంత ఇన్‌స్టాలర్ వాడమంటారు. 2023 చివర్లో వచ్చిన ఓఎస్ వెర్షన్ నుంచి పిప్ అలా నేరుగా వేయనివ్వదు, ఎర్ర అక్షరాల్లో పెద్ద మెసేజ్ ఇస్తుంది. టెన్షన్ పడకండి, ఏపీటీలో దొరికేదాన్ని ఏపీటీతోనే వేసుకోండి.

ఒక దీపం వెలిగించడం

బోర్డు ఆపి, అడాప్టర్ తీసేసి వైర్లు పెట్టండి. ఈ అలవాటు మొదటి రోజే పడాలి. ఎందుకంటే ఈ బోర్డు పిన్నులు భరించేది 3.3 వోల్టులే. 5 వోల్టుల పిన్నులు కూడా ఆ వరసల్లోనే, వేలెడు దూరం కూడా లేకుండా ఉంటాయి. వైరు జారి 5 వోల్టులు మామూలు పిన్నుకు తగిలితే ఆ పిన్ను, ఒక్కోసారి బోర్డు మొత్తం పోతుంది.

పిన్నుల లెక్క తెలుసుకోవాలి. రెండు వరసల్లో ఇరవై ఇరవై. ఎస్‌డీ కార్డు వైపున్న చివర నుంచి లెక్క మొదలవుతుంది. లోపలి వరసవి బేసి సంఖ్యలు, బోర్డు అంచు వైపువి సరి సంఖ్యలు. బోర్డు తిప్పి చూస్తే ఒకటో పిన్ను అతుకు చతురస్రంగా ఉంటుంది. చిక్కేమిటంటే, పిన్ను స్థానానికి ఒక నంబరు, ప్రోగ్రాము దాన్ని పిలిచే జీపీఐఓ పేరుకు ఇంకో నంబరు. స్థానంలో 11వది జీపీఐఓ 17 అవుతుంది. వైరు పెట్టేటప్పుడు మొదటి నంబరు, ప్రోగ్రాములో రెండో నంబరు. కిందిదంతా ఈ పద్ధతిలోనే చెబుతాను.

బ్రెడ్‌బోర్డులో మధ్య కాలువకు అటూ ఇటూ అడ్డంగా ఉన్న అయిదేసి రంధ్రాలు లోపల కలిసి ఉంటాయి. ఎల్‌ఈడీ రెండు కాళ్లను రెండు వేర్వేరు అయిదుల్లో పెట్టండి. పొడుగు కాలు ప్లస్. 330 ఓమ్‌ల రెసిస్టర్ అంటే నారింజ, నారింజ, గోధుమ, చివర బంగారు పట్టీలు ఉండేది. దాని ఒక కొస పొడుగు కాలున్న అయిదులో, ఇంకో కొస ఖాళీగా ఉన్న వేరే అయిదులో గుచ్చండి. ఆ ఖాళీ అయిదు నుంచి 11వ పిన్నుకు ఒక వైరు. పొట్టి కాలు అయిదు నుంచి 9వ పిన్నుకు ఇంకో వైరు, అది గ్రౌండ్, అంటే మైనస్ వైపు. రెసిస్టర్ ఎందుకంటే, ఎల్‌ఈడీ తనంతట తాను కరెంటును అదుపు చేసుకోలేదు. ఎర్ర ఎల్‌ఈడీ దగ్గర దాదాపు 2 వోల్టులు పోగా మిగిలిన 1.3 వోల్టులను 330తో భాగిస్తే 4 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. ఒక పిన్ను నుంచి 16కు మించి తీసుకోకూడదు కాబట్టి మనం ఒడ్డునే ఉన్నట్టు.

ఇక ప్రోగ్రాము. దీన్ని అతికించే కోడ్‌లా ఇవ్వకుండా ఏ లైను ఏం చెప్పాలో చెబుతాను, టైప్ మాత్రం మీరే చేయండి. చేత్తో కొట్టిన నాలుగు లైన్లు అతికించిన నలభై లైన్ల కంటే బాగా బుర్రకెక్కుతాయి. నానో ఎడిటర్లో, అంటే బోర్డులోనే ఉండే రాత సాఫ్ట్‌వేర్లో, కొత్త ఫైలు తెరవండి. మొదటి లైనులో జీపీఐఓజీరో నుంచి ఎల్‌ఈడీని ఇంపోర్ట్ చేయాలి. లైబ్రరీ పేరు అన్నీ చిన్నక్షరాలు, కలిపి ఒకే మాట. ఎల్‌ఈడీ మూడూ పెద్దక్షరాలు. రెండో లైనులో సిగ్నల్ నుంచి పాజ్‌ను ఇంపోర్ట్ చేయాలి. మూడో లైనులో దీపానికి మీకు నచ్చిన పేరు పెట్టి, ఈక్వల్ టు, ఎల్‌ఈడీ, బ్రాకెట్లో 17. నాలుగో లైనులో ఆ పేరు, చుక్క, బ్లింక్, ఖాళీ బ్రాకెట్లు. చివరి లైను పాజ్, ఖాళీ బ్రాకెట్లు. ఈ పాజ్ లేకపోతే ప్రోగ్రాము ఆ క్షణమే ముగిసిపోయి దీపం వెలగదు.

సేవ్ చేసి పైథాన్ 3తో నడపండి. దీపం సెకనుకొకసారి మారుతుంది. వెలగకపోతే ముందు ఎల్‌ఈడీని తిప్పి పెట్టి చూడండి, తర్వాత పిన్ను లెక్క మళ్లీ సరిచూడండి. ఈ రెండింట్లోనే దొరుకుతుంది.

బటన్, ఆ తర్వాత ఫ్లోట్ స్విచ్

దీపాన్ని అలాగే ఉంచి బటన్ చేర్చండి. బటన్‌ను కాలువకు అడ్డంగా గుచ్చి, మూలకు మూలగా ఉన్న రెండు కాళ్లలో ఒకదాని నుంచి 3వ పిన్నుకు, అంటే జీపీఐఓ 2కు, రెండోదాని నుంచి 6వ పిన్నుకు, అంటే గ్రౌండ్‌కు వైర్లు ఇవ్వండి. 3కు ఎదురుగా ఉన్న 4వ పిన్ను 5 వోల్టులది, జాగ్రత్త. ప్రోగ్రాములో బటన్‌ను కూడా ఇంపోర్ట్ చేసుకుని, బ్రాకెట్లో 2 ఇచ్చి ఒక పేరు పెట్టండి. బ్లింక్ లైను తీసేసి రెండు లైన్లు రాయండి. నొక్కినప్పుడు, అంటే వెన్ ప్రెస్డ్, ఈక్వల్ టు దీపం ఆన్. వదిలినప్పుడు, అంటే వెన్ రిలీజ్డ్, ఈక్వల్ టు దీపం ఆఫ్. వెన్ తర్వాత అండర్‌స్కోర్ ఉండాలి. ఆన్, ఆఫ్ తర్వాత మాత్రం బ్రాకెట్లు పెట్టకూడదు. పెడితే "నొక్కినప్పుడు వెలిగించు" అని కాకుండా "ఇప్పుడే వెలిగించు" అని అర్థమై, బటన్ దేనికీ పలకదు. అనుభవం ఉన్నవాళ్లు కూడా అప్పుడప్పుడు దీని దగ్గర బుర్ర గోక్కుంటారు.

జీపీఐఓ 2నే ఎంచుకోవడానికి కారణం ఉంది. మిగతా పిన్నుల్లో చాలావాటికి చిప్పు లోపలి బలహీనమైన పుల్ అప్, అంటే స్విచ్ తెరిచి ఉన్నప్పుడు పిన్నును 3.3 వోల్టుల వైపు పట్టి ఉంచే రెసిస్టర్, మాత్రమే ఉంటుంది. 2, 3 జీపీఐఓలకు బోర్డు మీదే 1800 ఓమ్‌ల రెసిస్టర్ 3.3 వోల్టులకు కట్టి ఉంటుంది. డాబా మీద నుంచి కిందికి పొడుగు వైరు లాగినప్పుడు, దారిలో మోటార్ వల్ల పుట్టే గోలను తట్టుకోవడానికి ఈ బలం పనికొస్తుంది.

ఇప్పుడు బటన్ పీకేసి దాని చోట ఫ్లోట్ స్విచ్ రెండు వైర్లు కలపండి. ప్రోగ్రాము అక్షరం కూడా మార్చక్కర్లేదు. తెల్లటి కాడ చుట్టూ తేలే చిన్న బొండు, దాంట్లో అయస్కాంతం, కాడలో అయస్కాంతానికి అతుక్కునే రీడ్ స్విచ్. అంతకు మించి దాంట్లో ఏమీ లేదు. బోర్డు దృష్టిలో అది కూడా బటనే, నొక్కేది వేలికి బదులు నీళ్లు. బకెట్లో ముంచి, తేల్చి దీపం చూడండి. తేలినప్పుడు వెలగాల్సింది ఆరిపోతుంటే కాడ చివరున్న క్లిప్పు తీసి బొండును తలకిందులుగా ఎక్కించండి, సరిపోతుంది. బకెట్ దగ్గర పని తేలాకే డాబా ఎక్కండి.

ఫ్లోట్‌ను ట్యాంకులో ఓవర్‌ఫ్లో పైపుకు జానెడు కిందుగా ఉండేట్టు, మూత పక్కన చిన్న రంధ్రం చేసి బిగించండి. నీళ్లు పడే ధార కింద పెట్టకూడదు. కిందికి రెండు తీగల టెలిఫోన్ వైరు గానీ నెట్‌వర్క్ కేబుల్ గానీ చాలు. మోటార్ కరెంటు వైరు వెళ్లే పైపులో దీన్ని దూర్చొద్దు. కోతులున్న ఊరైతే బయట వేలాడే వైరు ఒక్క పూట కూడా మిగలదు, పీవీసీ పైపులో దించండి. బోర్డు దగ్గర, 3వ పిన్నుకు వెళ్లే వైరులో 330 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి వరసలో పెడితే చిన్నచిన్న షాకుల నుంచి పిన్నుకు కొంత రక్షణ. మంచిది కదా అని 1000 ఓమ్‌లది పెడితే చెడుతుంది. స్విచ్ మూసుకున్నప్పుడు కూడా పిన్ను దగ్గర 1.2 వోల్టుల దాకా మిగిలి, అది ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో బోర్డుకు తేల్చుకోవడం కష్టమవుతుంది.

బజర్

బజర్‌ను నేరుగా పిన్నుకు తగిలించవద్దు. చిన్న యాక్టివ్ బజర్ కూడా 30 మిల్లీ ఆంపియర్ల దాకా లాగగలదు, మన పిన్ను హద్దు 16. మధ్యలో ట్రాన్సిస్టర్ పెడితే పిన్ను సైగ చేస్తుంది, బరువు 5 వోల్టుల సరఫరా మోస్తుంది. బీసీ 547 చదును ముఖం మీ వైపు పెట్టి, కాళ్లు కిందికి ఉంచితే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. ఎమిటర్ 14వ పిన్నుకు, అది గ్రౌండ్. బేస్ 1000 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా 13వ పిన్నుకు, అది జీపీఐఓ 27. బజర్ మైనస్ కాలు కలెక్టర్‌కు, ప్లస్ కాలు 2వ పిన్నులోని 5 వోల్టులకు. వేరే నంబరు ట్రాన్సిస్టర్ వాడితే కాళ్ల వరస మారొచ్చు, చూసుకోండి.

ప్రోగ్రాములో ఇప్పుడు బటన్, బజర్ రెండింటినీ ఇంపోర్ట్ చేసుకోండి, రెంటికీ మొదటి అక్షరం పెద్దది. బజర్‌కు బ్రాకెట్లో 27 ఇచ్చి ఒక పేరు పెట్టండి. నీళ్లు పడుతున్నప్పుడు ఉపరితలం అల్లల్లాడి ఫ్లోట్ ఎగిరెగిరి పడుతుంది, ప్రతి అలకూ బజర్ కూస్తే ఇంట్లోవాళ్లు పీకి పారేస్తారు. కాబట్టి బటన్ బ్రాకెట్లో 2 తర్వాత కామా పెట్టి, హోల్డ్ టైమ్ ఈక్వల్ టు 5 అని రాయండి, మధ్యలో అండర్‌స్కోర్‌తో. వెన్ ప్రెస్డ్ బదులు వెన్ హెల్డ్ వాడి, దానికి బజర్ బీప్ ఇవ్వండి. వెన్ రిలీజ్డ్‌కు బజర్ ఆఫ్. ఫ్లోట్ అయిదు సెకన్లు ఏకబిగిన తేలి ఉంటేనే మోత మొదలవుతుంది. మోటార్ ఆపి, కుళాయి తిప్పి నీటిమట్టం కాస్త తగ్గాక ఆగుతుంది. అంతసేపు భరించలేనివాళ్లు బజర్ వైరులో చిన్న స్విచ్ పెట్టుకోండి.

ఇక్కడిదాకా వచ్చాక అందరికీ పుట్టే ఆలోచన: మోటార్‌ను కూడా ఇదే ఆపేస్తే? చిన్న సైగతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే నీలం రంగు రిలే బోర్డు మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది కదా అంటారు. ఒక హార్స్‌పవర్ మోటార్ అంటే 746 వాట్లు, కానీ స్టార్ట్ అయ్యేటప్పుడు నడిచే కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. ఆ చిన్న రిలే పలకలు అతుక్కుపోతే మోటార్ ఇక ఆగదు. ఆ పనికి కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్ ఉంటుంది, దాన్ని బిగించేది ఎలక్ట్రీషియన్. 230 వోల్టుల వైపు మనం చెయ్యి పెట్టకుండా ఉండటమే ఈ ప్రాజెక్టు హద్దు.

దానంతట అదే మొదలవడం, కరెంటు పోయినా తట్టుకోవడం

ఏ ప్రోగ్రాము ఎప్పుడు మొదలవ్వాలో రాసుకునే క్రాన్‌ట్యాబ్ కమాండ్‌కు హైఫన్, ఈ చేర్చి కొట్టండి. మొదటిసారి ఏ ఎడిటర్ కావాలని అడిగితే నానో ఎంచుకోండి. ఫైలు అడుగున ఎట్ గుర్తు, దానికి ఆనించి రీబూట్, ఖాళీ, పైథాన్ 3, ఖాళీ, మీ ప్రోగ్రాము ఫైలు పూర్తి దారి రాసి సేవ్ చేయండి. బోర్డు ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఎవరూ ఏమీ కొట్టకుండానే అలారం సిద్ధంగా ఉండాలి. ఫ్లోట్ చేత్తో ఎత్తి పట్టుకుని చూసుకోండి. దీనికి ఇంటర్నెట్ అవసరం లేదు, వైఫై పోయినా మోగుతుంది.

కరెంటు పోవడమే అసలు శత్రువు. కార్డు మీద ఏదో రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఫైళ్లు చెడి, ఒకరోజు బోర్డు లేవనే లేవదు. మందు ఓఎస్‌లోనే ఉంది. అంతా బాగా నడుస్తోందనుకున్నాక రాస్‌పీ కాన్ఫిగ్ అనే సెట్టింగుల కమాండ్ తెరిచి, పెర్ఫార్మెన్స్ విభాగంలో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేయండి. ఆపైన రాతలన్నీ ర్యామ్‌లోకే వెళ్తాయి, కార్డును ఎవరూ ముట్టుకోరు. కరెంటు ఎన్నిసార్లు పోయినా నిశ్చింత. ప్రోగ్రాము మార్చాలనుకున్నప్పుడు మాత్రం దాన్ని ఆఫ్ చేసి, రీబూట్ చేసి, అప్పుడు మార్చాలి. లేకపోతే మీ మార్పులు తర్వాతి రీబూట్‌తో గాలికి పోతాయి.

జీరోలో గడియారానికి బ్యాటరీ ఉండదు. టైమ్ ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఎన్ని గంటలకు నిండిందో రాసిపెట్టాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి. కరెంటు వచ్చి నెట్ ఇంకా రాని ఆ కాసేపు తేదీ తప్పు చూపిస్తుంది.

అలారానికి తెలుగు నేర్పడం

ఈస్పీక్ ఎన్‌జీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏపీటీలోనే దొరుకుతుంది. దానికి తెలుగు వచ్చు. భాష కోడ్‌గా ఇంగ్లిషు టి, ఇ అక్షరాలిచ్చి, "ట్యాంకు నిండింది, మోటార్ ఆపండి" అని తెలుగు లిపిలోనే రాస్తే చదువుతుంది. ఉచ్చారణ పాత సినిమాల్లో రోబోలా ఉంటుంది. ఇంట్లో నవ్వులు పండుతాయి గానీ రోజూ వినలేం. నా ఓటు అమ్మ గొంతుకే. "ఒరేయ్, మోటార్ కట్టేయ్!" అని ఫోన్‌లో రికార్డు చేసి, డబ్ల్యూఏవీ ఫైలుగా మార్చి బోర్డులోకి పంపండి. ఏప్లే కమాండ్ దాన్ని వినిపిస్తుంది. ప్రోగ్రాములో ఒక చిన్న ఫంక్షన్ రాసి అందులో పైథాన్‌లోని సబ్‌ప్రాసెస్ లైబ్రరీతో ఈ కమాండ్‌ను పిలిపించి, వెన్ హెల్డ్‌కు ఆ ఫంక్షన్ పేరు ఇవ్వాలి. ఇక్కడ కూడా బ్రాకెట్లు లేకుండానే. జీరోకు, పై 5కు హెడ్‌ఫోన్ రంధ్రం ఉండదు, యూఎస్‌బీ సౌండ్ కార్డు పెట్టుకోవాలి. పై 4కు నేరుగా స్పీకర్ తగులుతుంది.

పై 4 డెస్క్‌టాప్‌లో తెలుగు అక్షరాల చోట డబ్బాలు కనిపిస్తే ఫాంట్లు లేవని అర్థం. ఏపీటీలో తెలుగు ఫాంట్ల ప్యాకేజీలు ఉన్నాయి, పోతన, వేమన అందులోనే వస్తాయి.

తర్వాత ఏం చేయొచ్చు

వేడి కొలవడం తేలిక. డీఎస్ 18బీ20 అనే సెన్సర్ స్టీలు గొట్టంలో, నీళ్లలో ముంచగలిగేలా దొరుకుతుంది. డేటా వైరు జీపీఐఓ 4కు ఇచ్చి, డేటాకూ 3.3 వోల్టులకూ మధ్య 4700 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, సెట్టింగుల్లో వన్ వైర్ అనే, ఈ సెన్సర్ బోర్డుతో మాట్లాడే పద్ధతిని ఆన్ చేస్తే చాలు. రీడింగ్ ఒక మామూలు ఫైలులా కనిపిస్తుంది, అందులోని అంకెను వెయ్యితో భాగిస్తే డిగ్రీలు. ఎప్పుడైనా సరిగ్గా 85 చూపిస్తే అది వేడి కాదు, సెన్సర్ ఇంకా కొలవలేదని. మే నెలలో ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి ఎంతకు ఎక్కుతాయో గ్రాఫ్ గీయండి, పిల్లలకు సైన్స్ ప్రాజెక్టు అయిపోతుంది.

మొక్కలకు తడి కొలిచే సెన్సర్ కొనేముందు మాత్రం ఆగండి. అది ఇచ్చేది ఉందా లేదా అనే సంకేతం కాదు, కొద్దికొద్దిగా మారే వోల్టేజీ. రాస్‌బెర్రీ పైకి దాన్ని చదివే పిన్ను ఒక్కటి కూడా లేదు. మధ్యలో వోల్టేజీని అంకెగా మార్చే ఎంసీపీ 3008 లాంటి చిప్పు పెట్టాలి. పికోకైతే అలాంటి పిన్నులు మూడున్నాయి, కాబట్టి కుండీల పని దానికే అప్పజెప్పడం నయం.

వైర్లతో పనిలేని ప్రాజెక్టు కావాలంటే, పై హోల్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లో ఫోన్లన్నింటికీ చాలా ప్రకటనలు రాకుండా అడ్డుకోవచ్చు. దీనికి జీరో 2 డబ్ల్యూ సరిపోతుంది. యూట్యూబ్ యాడ్లు మాత్రం దీనికి లొంగవు, ఎందుకంటే అవి వీడియో వచ్చే చిరునామాల నుంచే వస్తాయి.

నెట్ సరిగా లేని పల్లెల్లో బడికో లైబ్రరీకో ఏదైనా చేసిపెట్టాలనుకుంటే కివిక్స్ చూడండి. వికీపీడియాను మొత్తంగా ఒకే ఫైలులో దించుకుని నెట్ లేకుండా చదివించే సాఫ్ట్‌వేర్ అది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా కూడా దాంట్లో దొరుకుతుంది. బోర్డునే వైఫై హాట్‌స్పాట్‌గా పెడితే చుట్టుపక్కల ఫోన్లన్నీ దానికి కనెక్ట్ అయి తెలుగు వ్యాసాలు చదువుకోవచ్చు. తెలుగు ఫైలు ఒక్కటే అయితే 32 జీబీ కార్డు చాలు. ఇంగ్లిషుది బొమ్మలతో సహా కావాలంటే 100 జీబీ దాటుతుంది కాబట్టి 256 జీబీ కార్డు తీసుకోండి.